పదకొండో పొర

రామసుబ్బయ్యకు రాయి కొత్త కాదు. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర నాపరాతి గనుల్లో మీసాలు రాకముందు నుంచే పనిచేశాడు. సుత్తితో ఒక్క దెబ్బ వేసి, వచ్చిన చప్పుడును బట్టి బండ లోపల పగులుందో లేదో చెప్పేవాడు. కువైట్ వచ్చి జహ్రాలో ఒక ఇంట్లో డ్రైవరుగా కుదురుకున్నాక ఇక సుత్తితో పని తీరిపోయిందనే అనుకున్నాడు. అయితే ఆ ఇంటి యజమాని డాక్టర్ యాకూబ్ మందులిచ్చే డాక్టరు కాదు. యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పేవాడు. ఒకరోజు కారు డిక్కీలో పడున్న సుత్తిని రామసుబ్బయ్య చేతిలోకి తీసుకుని బరువు చూసిన తీరు గమనించి, ఇంతకుముందు ఏం పని చేసేవాడివని అడిగాడు. అప్పటినుంచి గురువారం సెలవు వచ్చిందంటే ఇద్దరూ జీపెక్కి జాల్ అజ్జోర్ గట్టుకు పోవడమే.

జహ్రా దాటాక, సముద్రపు పాయకు ఉత్తరపు ఒడ్డు వెంబడి ఆ గట్టు మైళ్ల కొద్దీ సాగుతుంది. దూరానికి ఇసుకరంగు గోడలా కనబడుతుంది. దగ్గరికి పోతే గోడ నిండా అడ్డచారలే. ఎర్రమట్టి, తెల్ల ఇసుక, గులకరాళ్లు, ఆకుపచ్చ బంకమట్టి, మళ్లీ ఇసుక. డాక్టర్ కింది నుంచి పైకి ఒక్కొక్క పొరకూ ఒక్కో అంకె పెట్టాడు. మొత్తం పందొమ్మిది. రామసుబ్బయ్య టేపు ఒక కొస పట్టుకుని పైకెక్కితే ఆయన కింద నిలబడి మందం కొలిచి రాసుకునేవాడు. నాలుగేళ్లలో ఏడు నోటుబుక్కులు నిండాయి.

ఊళ్లో నాపరాతిని ఎన్ని పలకలుగా చీల్చినా రామసుబ్బయ్యకు అందులో ప్రాణమున్నదాని గుర్తు ఒక్కటీ కనబడలేదు. ఆ సంగతి చెబితే డాక్టర్ నవ్వి, మీ రాయి మరీ పాతది, అది పుట్టేనాటికి చిప్ప ఉన్న జీవమే భూమ్మీద లేదన్నాడు. ఇక్కడ అలా కాదు. పన్నెండో పొర మొత్తం ఆల్చిప్పలే. ఒకదానికొకటి అతుక్కుని, గట్టిపడి, గోడకట్టినట్టు ఉండేవి. ఏడో పొర గులకరాళ్లలో సొరచేప పళ్లు దొరికేవి. వేలికి గీసుకుంటే ఇప్పటికీ రక్తం వచ్చేంత పదును. ఒకసారి మొసలి వెన్నుపూస దొరికింది. ఒకసారి ఏనుగులాంటి జంతువు దవడపన్ను, రెండు చేతులా పట్టుకోవాల్సినంతది, రామసుబ్బయ్యే చూసి బయటికి తీశాడు. కోటిన్నర ఏళ్ల కిందట ఇక్కడ ఒక నది సముద్రంలో కలిసేదనీ, సముద్రం ముందుకొచ్చినప్పుడల్లా చిప్పలు, వెనక్కి పోయినప్పుడల్లా ఇసుక మిగిలాయనీ డాక్టర్ చెప్పేవాడు. చుట్టూ చెట్టన్నది లేని ఆ ఎడారిలో నిలబడి ఆ మాటలు వింటుంటే రామసుబ్బయ్యకు నమ్మబుద్ధయ్యేది కాదు. కానీ పన్ను చేతిలోనే ఉండేది.

ఆ నాలుగేళ్లలో డాక్టర్ అతన్ని కసిరింది ఒక్కసారే. చలికాలం, ముందురోజు వాన పడింది. రామసుబ్బయ్య అన్నం తినడానికి చిప్పల పొర కింద, గాలికి కోసుకుపోయి గూడులా ఏర్పడిన చోట కూర్చున్నాడు. ఆయన కింద నుంచి చూసి గట్టిగా అరిచాడు. బయటికి రప్పించి, అతని చెయ్యి పట్టుకుని పదకొండో పొర మీద పెట్టించాడు. అది ఆకుపచ్చ బంకమట్టి. ఎండినప్పుడు పార దిగనంత గట్టిది. అప్పుడు మాత్రం వేళ్లకు సబ్బులా జారింది. పైనున్న ఇసుకరాతిలో నిలువు పగుళ్లున్నాయి, వాన ఆ పగుళ్లలోంచి దిగి ఈ మట్టి దగ్గర ఆగిపోతుంది, అది నానిందంటే పైబరువంతా జారి కూలుతుంది అని ఆయన వివరించాడు. రామసుబ్బయ్యకు వేరే చెప్పక్కర్లేదు. గనిలో రెండు బండల మధ్య మట్టిపొర తగిలితే ఏమవుతుందో అతను చిన్నప్పుడే చూశాడు. గనిలో ఒక కట్టుబాటు ఉండేది. పగులు ఎవరి కంటబడినా గట్టిగా చెప్పి తీరాలి. కింద పనిచేసేది మాటల్లేని దాయాది అయినా సరే.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు డాక్టర్ భార్యాపిల్లలు కైరోలో ఉన్నారు. ఇంట్లో మిగిలింది డాక్టర్, రామసుబ్బయ్య, వంటపని చేసే ఆనందమ్మ. ఆమెది కాకినాడ వైపు. రామసుబ్బయ్య కంటే ఆరేడేళ్లు పెద్దది, తమ్ముడూ అని పిలిచేది. మిగతా తెలుగువాళ్లంతా బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అక్కడ విమానాలు ఎక్కుతున్నారు. మీరూ పొండి అని డాక్టర్ ఇద్దరికీ చెప్పాడు. అక్టోబరు మొదటివారంలో జహ్రా నుంచి బయల్దేరే బస్సులో చోటు కూడా ఖాయం చేయించాడు. రామసుబ్బయ్య పాస్‌పోర్టు మాత్రం ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, పొడిగించే పని కోసం తీసినది అప్పటికీ ఆయన చేతిసంచిలోనే ఉంది.

బస్సుకు రెండు రోజుల ముందు సైనికులు ఇల్లు వెతకడానికి వచ్చారు. వాళ్లకు తుపాకులేవీ దొరకలేదు. గట్టు పటాలు దొరికాయి. పైనుంచి తీసిన ఫోటోలు, గీతలు, అంకెలు, బాణం గుర్తులు. ఇవి సైన్యం కోసం గీసినవి కావనీ, రాళ్ల కోసం గీసినవనీ డాక్టర్ ఎంత చెప్పినా వినలేదు. ఆయన బీరువాలోంచి చిప్పలూ పళ్లూ ఉన్న అరలు లాగి చూపించబోతే ఒకడు తుపాకీ మడమతో ముఖం మీద కొట్టాడు. అరలు కిందపడ్డాయి. చొక్కా ముందుభాగం ఎర్రగా తడిసిన మనిషిని, ఏడు నోటుబుక్కులతో, చేతిసంచితో సహా జీపులో వేసుకుని పోయారు. రామసుబ్బయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

బస్సు బయల్దేరే ఉదయం ఆనందమ్మ పెట్టె పట్టుకుని వాకిట్లో నిలబడింది.

“తమ్ముడూ, నా మాట ఇని ఎక్కెయ్యి. పాస్‌పోర్టు లేకపోతే లేకపోయింది. ఎంబసీవోళ్లు ఏదో కాయితం రాసిత్తారంట.”

“డాక్టరు తిరిగొస్తే ఇంట్లో ఒక మనిషన్నా ఉండాల గదక్కా. నువ్వు పో. నేను నాలుగు దినాలు సూసి వస్తాలే.”

ఆమె చాలాసేపు బతిమాలింది. చివరికి రొట్టెలు, ఉప్పుచేప కట్టిన మూట వంటింట్లో పెట్టి కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నాలుగు రోజులు కాకముందే ఆ సైనికులు మళ్లీ వచ్చారు. పటాల మీద కొలతలు రాసినప్పుడు పక్కన ఎవరున్నారో వాళ్లకు తెలిసింది. గట్టు నీకు తెలుసు గదా పద అని రామసుబ్బయ్యను ట్రక్కు ఎక్కించారు. అందులో అప్పటికే పదిమంది దాకా కూలీలున్నారు.

గట్టు మీద ఒక కెప్టెన్ వాళ్ల కోసం ఎదురుచూస్తున్నాడు. విమానాల బాంబుల నుంచి తప్పించుకోవడానికి గట్టు కడుపులోకి గుహలు తొలిపించాలని అతని ఆలోచన. గోడ వెంట నడిచి, తలెత్తి చూసి, సరిగ్గా పదకొండో పొర దగ్గర ఆగాడు. పైన చిప్పల పొర, దాని మీద ఇసుకరాయి, రెండూ కలిసి మనిషెత్తుకు మించి మందం. కింద తవ్వుకోవడానికి మట్టి. అంతకంటే మంచి చోటు అతనికి కనబడలేదు.

“పైరాయి గట్టిదేనా?” అని అడిగాడు.

“గట్టిదే సార్,” అన్నాడు రామసుబ్బయ్య.

అది అబద్ధం కాదు. మట్టి సంగతి కెప్టెన్ అడగలేదు, అతను చెప్పలేదు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. ఎర్రగా తడిసిన చొక్కా గుర్తొచ్చింది. మాటను మింగేశాడు. ఆ రోజంతా పలుగు ఎత్తి వేస్తున్నా చేతులకు అలుపు తెలియలేదు. వాన పడితే మీ పని అయిపోతుందిరా అని లోపల్లోపల అనుకుంటూ, కసిగా తవ్వాడు.

కూలీల మీద కాపలాకు పెట్టిన సార్జంటు పేరు హాజిం. నలభై ఏళ్లుంటాయి. మోసుల్ ఊరి బడిలో సైన్సు మాస్టరు. ఇరాన్‌తో యుద్ధంలో ఎనిమిదేళ్లు సైన్యంలోనే ఉండి, ఇంటికి పోయి రెండేళ్లన్నా కాకముందే మళ్లీ పిలిపించారు. ముగ్గురు ఆడపిల్లలు. వచ్చిన మూడో రోజున అతను తవ్విపోసిన మట్టిలోంచి, పైపొర నుంచి రాలిపడిన ఒక ఆల్చిప్ప ఏరి, ఉమ్మితో తుడిచి, ఇది ఇక్కడికెలా వచ్చిందని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. రామసుబ్బయ్య మాట్లాడకూడదనుకున్నాడు. కానీ నాలుగేళ్లు విన్న పాఠం, నోరు ఊరుకోలేదు. తనకు వచ్చిన అరబ్బీలో నది సంగతి, సముద్రం సంగతి చెప్పాడు. హాజిం తుపాకీ పక్కన పెట్టి, బడిలో పిల్లాడిలా గొంతుక్కూర్చుని విన్నాడు.

అప్పటినుంచి పని ఆగినప్పుడల్లా హాజిం అతని దగ్గరికి వచ్చేవాడు. ఏడో పొరకు తీసుకుపోయి సొరచేప పళ్లు ఎలా వెతకాలో రామసుబ్బయ్య చూపించాడు. ఎండ పక్కవాటుగా పడేటప్పుడు చూడాలి, అప్పుడే మెరుస్తాయి. హాజిం ఒక సిగరెట్టు డబ్బాలో దూది పరిచి వాటిని దాచుకున్నాడు. బడి పిల్లలకు చూపిస్తాడట. తన వంతు రొట్టెలో సగం తెచ్చి ఇచ్చేవాడు. డాక్టర్ గురించి రామసుబ్బయ్య అడిగితే, బస్రా వైపు తీసుకెళ్లే ఖైదీల్లో విచారించి చూస్తానన్నాడు. నిజంగానే విచారించాడు. ఏమీ తెలియలేదని వచ్చి చెప్పినప్పుడు తల ఎత్తలేకపోయాడు.

నవంబరు పొడిగానే గడిచింది. ఐదు గుహలు తయారయ్యాయి. ఒక్కోదానిలో పదిమంది పడతారు. తవ్విన గోడలు ఇటుకలా గట్టిగా ఉన్నాయని కెప్టెన్ మెచ్చుకున్నాడు. హాజిం తన దుప్పటి మూడో గుహలో పరుచుకున్నాడు. ఆ దుప్పటి చూసిన దగ్గరనుంచి రామసుబ్బయ్యకు తిండి సయించలేదు. ఇప్పుడు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ డిసెంబరు కూడా గడిపేశాడు. చెబితే మొదటి రోజే ఎందుకు చెప్పలేదంటారు. ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే, దానికి శిక్షా ఒక్కటే.

జనవరి మధ్యలో విమానాల దాడులు మొదలయ్యాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు పడమటి నుంచి మబ్బు పట్టింది. ఆ మధ్యాహ్నం రామసుబ్బయ్య ఇక ఉండబట్టలేక హాజింను పక్కకు పిలిచాడు.

“ఆ గుహల్లో పడుకోవద్దు. వాన పడితే కూలిపోతాయి.”

“ఎవరు చెప్పారు?”

“డాక్టర్ చెప్పాడు. నాకూ తెలుసు. పైరాయి మంచిదే. కింది మట్టి నానితే నిలవదు.”

హాజిం గుహవైపు చూశాడు, మబ్బువైపు చూశాడు.

“నీకు ఎప్పటినుంచి తెలుసు?”

“మొదటి రోజు నుంచి.”

హాజింకు కోపం వస్తుందని రామసుబ్బయ్య ఎదురుచూశాడు. రాలేదు.

“ఈ మాట ఇంకెవరితోనూ అనకు,” అన్నాడు హాజిం. “కెప్టెన్‌కు తెలిస్తే నిన్ను ఈ గోడకే నిలబెట్టి కాలుస్తాడు. నేనే చూశానని చెబుతాను.”

చెప్పాడు. పైన పగుళ్లున్నాయి, లోపల దూలాలు నిలబెట్టాలి, లేకపోతే చోటు మార్చాలి అన్నాడు. ఎలా తెలుసని కెప్టెన్ అడిగితే, తను సైన్సు మాస్టరునన్నాడు. దూలాలు ఎక్కడినుంచి తెస్తావు, చోటు మార్చి తవ్వుతుంటే విమానాలు ఆగుతాయా అని కెప్టెన్ విసుక్కున్నాడు. భయపడే మాస్టర్లు తనకు అక్కర్లేదని పదిమంది ముందు అన్నాడు. హాజిం చేతనైనంత చేశాడు. తన గుహలోని వాళ్లను వెనక్కి పోనివ్వకుండా నోటి దగ్గరే పడుకోమనేవాడు. వాన తుంపరగా వచ్చి పోయింది. ఏమీ కాలేదు. ఆ తర్వాత మాస్టరు మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఫిబ్రవరిలో అసలు వాన పట్టుకుంది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. గట్టు పైనుంచి నీళ్లు కారలేదు, అదే రామసుబ్బయ్యను భయపెట్టింది. నీళ్లన్నీ పగుళ్లలోకి దిగుతున్నాయి. మూడో రోజు ఉదయం గుహ గోడ మీద చెయ్యి పెట్టాడు. వేళ్లు జారాయి. హాజింతో చెబుదామని బయటికొచ్చేసరికి విమానాల మోత వినిపించింది. సైనికులంతా పరుగెత్తి గుహల్లో దూరారు. కూలీలు కింద వాగులో బోర్లా పడుకున్నారు. బాంబులు చాలా దూరంలో పడ్డాయి. అక్కడ పడ్డ బాంబుకు ఇక్కడ నేల కొద్దిగా అదిరింది, అంతే. ఆ అదురు చాలింది. మూడో గుహ మీది ఇసుకరాయి, చిప్పల పొర, ఒక్కముక్కగా ముందుకు వంగి దిగిపోయాయి. పెద్ద చప్పుడు కూడా రాలేదు.

అందరికంటే ముందు పరుగెత్తింది రామసుబ్బయ్యే. ఎక్కడ పలుగు వేస్తే రాయి కదులుతుందో, ఎక్కడ వేస్తే మిగిలింది కూడా కూలుతుందో అతనికే తెలుసు. సైనికులకు అతనే పని చెప్పాడు, వాళ్లు చేశారు. నిన్నటిదాకా తనమీద కేకలేసినవాళ్లు అతని చేతివైపు చూస్తూ బండలు మోశారు. సాయంత్రానికి ఇద్దరిని ప్రాణాలతో లాగారు. ఆ తర్వాత దొరికిన ఏడుగురిలో ప్రాణం లేదు. హాజిం నోటి దగ్గర లేడు. విమానాల భయానికి గుహ వెనక్కంటా పోయినవాళ్లను బయటికి రప్పించడానికి పోయినట్టున్నాడు, వాళ్ల మధ్యలోనే దొరికాడు. ముఖం నిండా ఆకుపచ్చ బురద. రామసుబ్బయ్య తన తలగుడ్డతో తుడిచాడు.

కెప్టెన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. వానలో తడిసి అతను చాలా ముసలివాడిలా కనబడ్డాడు.

“ఇది నీకు ముందే తెలుసు కదా?” అని అడిగాడు.

“తెలుసు,” అన్నాడు రామసుబ్బయ్య. కాల్చేస్తాడనుకున్నాడు. కాల్చేస్తే బాగుండునని కూడా ఆ క్షణాన అనిపించింది.

కెప్టెన్ చెయ్యి నడుం దగ్గరి పిస్తోలు దాకా పోయి అక్కడే ఆగింది. కాసేపటికి ఆ బురదలోనే కూలబడ్డాడు.

“మిగతా నాలుగూ?”

“అవీ పడతాయి.”

అందరినీ బయటికి పిలవమని కెప్టెన్ చెప్పాడు. చచ్చిపోయినవాళ్లను గట్టు అడుగున ఇసుకలో వరసగా పూడ్చారు. పేర్లు రాయడానికి ఏమీ లేదు. తర్వాత రెండు రోజుల్లో మిగతా గుహలు ఒకదాని వెంట ఒకటి కూలాయి. లోపల ఎవరూ లేరు. నెలాఖరుకు ఆ సైన్యమంతా ఉత్తరంగా పరుగు తీసింది. వెళ్తూ వెళ్తూ గట్టు చుట్టూ పాతిన మందుపాతరలను అలాగే వదిలిపోయారు. కాలిన బండ్లు, వాటిలో కాలిన మనుషులు ఉన్న దారి వెంట, చమురుబావుల పొగతో పట్టపగలే చీకటి కమ్మిన ఆకాశం కింద, రామసుబ్బయ్య జహ్రాకు నడిచి వచ్చాడు.

ఇంటికి తాళం లేదు. సామాను లేదు. డాక్టర్ లేడు.

ఏప్రిల్లో డాక్టర్ తమ్ముడు సౌదీ నుంచి తిరిగొచ్చి ఆ ఇంట్లో దిగాడు. మంచి మనిషి. ఏం జరిగిందో చెప్పమని కూర్చోబెట్టి అడిగాడు. రామసుబ్బయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. కానీ ఆయన విన్నది వేరు. మర్నాటినుంచి దివానియాలో, అంటే మగవాళ్లు కూడే ముందుగదిలో, చుట్టాలు, ఇరుగుపొరుగు చేరినప్పుడల్లా అతన్ని పిలిపించి, మా అన్న మనిషి ఇతనే, ఒక్క మాట దాచిపెట్టి శత్రువులను పూడ్చేశాడు అని చూపించేవాడు. వచ్చినవాళ్లు లేచి భుజం తట్టేవారు. ఏడుగురు పదిహేనయ్యారు, పదిహేను ముప్పై అయ్యారు. రామసుబ్బయ్య తల వంచుకుని నిలబడి, టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయేవాడు.

మే నెలలో జీనత్ అనే ఆమె వచ్చింది. డాక్టర్ దగ్గర చదువుకుని, ఆ యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతోంది. గట్టు ముఖం కూలిపోయింది, చుట్టూ మందుపాతరలు, ఇప్పట్లో ఎవరూ అటు పోలేరు. నోటుబుక్కులు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. టేపు పట్టిన మనిషి ఒకడున్నాడని విని వచ్చింది. నీకేమన్నా గుర్తుందా అని ఆశ లేనట్టే అడిగింది.

రామసుబ్బయ్య కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. ఒకటో పొర, ఎర్ర ఇసుక, నాలుగు మీటర్లు. రెండో పొర, బూడిదరంగు మట్టి, మీటరు ముప్పై. చిప్పలేమీ లేవు. మూడోది... ఆమె గబగబా రాసుకుంటోంది. ఏడులో పళ్లు, తొమ్మిదిలో మొసలి ఎముక, పదిలో దవడపన్ను దొరికిన చోటు. గదిలో డాక్టర్ తమ్ముడు, మరో ఇద్దరు చుట్టాలు కూర్చుని వింటున్నారు.

“పదకొండు,” అని ఆగాడు. “ఆకుపచ్చ బంకమట్టి. రెండు మీటర్ల పది.”

“చిప్పలున్నాయా?” అంది జీనత్ తలెత్తకుండా.

“లేవమ్మా. మనుషులు చచ్చిపోయినారు అందులో.”

అది తెలుగులో వచ్చింది. ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు అరబ్బీలో చెప్పాడు, తమ్ముడికి కూడా వినబడేలా. హాజిం గురించి, సిగరెట్టు డబ్బా గురించి, సగం రొట్టె గురించి, తనను కాపాడటానికి అతను ఆడిన అబద్ధం గురించి చెప్పాడు. గనిలో తమ కట్టుబాటు ఏమిటో చెప్పాడు. తను చేసింది గొప్పపని కాదనీ, ఇకమీదట దయచేసి తనను దివానియాకు పిలవొద్దనీ అన్నాడు. డాక్టర్ తమ్ముడి ముఖం నల్లబడింది. వాళ్లు మా అన్నను ఏం చేశారో నీకు తెలుసా అన్నాడు. తెలుసన్నాడు రామసుబ్బయ్య, నేను చూశాను. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు.

జీనత్ కొత్త పేజీ తిప్పింది. ఆ హాజిం తండ్రి పేరేమిటని అడిగింది. అతనికి తెలియదు. ఏ బడి అంది. అదీ తెలియదు. మోసుల్, సైన్సు మాస్టరు, ముగ్గురు ఆడపిల్లలు. అంతే. మిగతా ఎనిమిది పొరలు చెప్పడం అయ్యాక ఆమె తన కారులోనే అతన్ని, తప్పిపోయినవాళ్ల పేర్లు రాసుకునే ఆఫీసుకు తీసుకెళ్లింది. డాక్టర్ యాకూబ్ పేరు అప్పటికే అక్కడ ఉంది. కిందనే హాజిం పేరు రాయించి, పూడ్చిన చోటు గుర్తులు చెప్పాడు. రాసుకున్న గుమాస్తా, మందుపాతరలు తీసేదాకా అటు ఎవరినీ పోనివ్వరనీ, ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేననీ అన్నాడు.

జూన్‌లో డాక్టర్ తమ్ముడు ప్రయాణపు కాగితాలు సిద్ధం చేయించి, ముఖం చూడకుండానే చేతికిచ్చాడు. రామసుబ్బయ్య ఎర్రగుంట్లకు తిరిగి వచ్చేశాడు. ఆ ఏడాది చివర్లో కాకినాడ నుంచి ఆనందమ్మ ఉత్తరం రాయించింది. డాక్టర్ గారి సంగతి ఏమన్నా తెలిసిందా తమ్ముడూ, రోజూ ఆయన కోసం ప్రార్థన చేస్తున్నాను అని. ఏమీ తెలియలేదక్కా అని రామసుబ్బయ్య జవాబు రాశాడు. ఇంకో పేరు కూడా చెబుతాను, వీలైతే దాన్ని కూడా కలుపుకో అని కింద ఇంకో వాక్యం చేర్చాడు.